ముస్లింగాజ్‌ను ఆల్బమ్‌ల లెక్కన వింటే దొరకడు

లయలు, టేపు లూపులతో వందల కొద్దీ పాటలు కట్టిన ఇంగ్లండు ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ముస్లింగాజ్ గురించి ఎవరిని అడిగినా ముందు చేతిలో పెట్టేది ఒక లిస్టు. ఈ ఎనిమిదో పదో ఆల్బమ్‌లు వినండి, మిగతాది వీరాభిమానులకు వదిలేయండి అంటారు. ఆ వెనకాలే ఇంకో మాట వస్తుంది. అతను పోయాక బయటికొచ్చిన డిస్కులన్నీ అడుగూబొడుగూ ఊడ్చి తీసినవేనని, పాత పాటలకే కొత్త పేర్లు తగిలించి అమ్ముకుంటున్నారని. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. చెల్లాచెదురుగా పడున్న ఆ మిక్సుల్లోనే, ఒకే లయ తాలూకు రెండు మూడు రూపాల మధ్య తేడాల్లోనే, ఆ మనిషి పనితనం ఉంది. లిస్టు ఇచ్చి పంపేస్తే వినేవాళ్లకు అందకుండా పోయేది సరిగ్గా అదే.

ముస్లింగాజ్ అసలు పేరు బ్రిన్ జోన్స్, మాంచెస్టర్ పక్కన స్వింటన్‌లో ఉండేవాడు. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్‌లోకి వెళ్లిన తర్వాత ఈ పేరు పెట్టుకున్నాడు. 1999 జనవరి 14న, రక్తానికి సోకిన అరుదైన ఫంగస్ జబ్బుతో, 37 ఏళ్లకే పోయాడు. ఆ పదహారేళ్లలో అతను పనిచేసిన వేగం ఏ లేబుల్‌కూ (డిస్కులు విడుదల చేసే సంస్థకూ) అందలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టాల్‌ప్లాట్, అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన సొలెయిల్‌మూన్, మెల్‌బోర్న్‌లో ఎక్స్‌ట్రీమ్ ప్రధానమైనవి, చిన్నాచితకా లేబుళ్లు ఇంకెన్నో. పూర్తయిన సంగీతాన్ని డ్యాట్ (డిజిటల్ క్యాసెట్) టేపు మీదికి ఎక్కించి పోస్టులో పంపేవాడు. ఆ టేపు డిస్కుగా రాకముందే ఇంకో టేపు వచ్చి పడేది. లేబుళ్లు వాటిని కొన్ని వందల కాపీల చొప్పున, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, వేరే టేపులోని పాటలతో కలిపి విడుదల చేశాయి. కాబట్టి డిస్కు వెనక ఉన్న సంవత్సరం, ఆ పాట పుట్టిన సంవత్సరం ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఆల్బమ్ అన్నది చాలాసార్లు లేబుల్ కట్టిన మూట. కొన్ని మూటలు అద్భుతంగా కుదిరాయి, అది వేరే సంగతి.

మిక్సింగే రచన

జోన్స్ కంప్యూటర్ జోలికి పోలేదు. చేతివాద్యాలు, డ్రమ్ మెషీన్లు, టేపు లూపులు (ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరిగేవి), ఒక మిక్సర్, ఎకో. మిక్సర్ మీద ఒకసారి ఆ లూపుల్ని నడిపిస్తే ఒక పాట. అవే లూపుల్ని మళ్లీ నడిపిస్తే అది ఇంకో పాట, ఎందుకంటే ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఎప్పుడు పైకి పోతుంది, ఎకో ఎక్కడ తెగుతుంది, గొంతు ఏ దరువు మీద మాయమవుతుంది అన్నవి ఆ పూట చేతి నిర్ణయాలు. ఆ నిర్ణయాల్ని కంప్యూటర్‌లోలాగా తర్వాత సవరించుకునే వీలు లేదు. సాధారణంగా రీమిక్స్ అంటే పూర్తయిన పాటను ఇంకొకరు తిరగరాయడం. ఇక్కడ మూలమనే పాటే ఉండదు. అన్నీ మిక్సులే.

దీనికి దగ్గరి ఉదాహరణ 1998లో స్టాల్‌ప్లాట్ వేసిన ‘ముల్లా సయీద్’. పాటల పట్టిక చూడండి. ‘ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ పాలస్తీనియన్ శాండ్’ రెండో స్థానంలో ఉంది, మళ్లీ నాలుగో స్థానంలో ఉంది. ‘ముస్లిమ్స్ డై, ఇండియా’ మూడోదీ అదే, ఐదోదీ అదే. పేరు పక్కన వెర్షన్ అనో, రెండో భాగమనో, రీమిక్స్ అనో ఒక్క ముక్క లేదు. మొదటిసారి చూసినవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారు. వింటే తెలుస్తుంది, అదే సరంజామా, కానీ బరువు వేరే చోట ఉంది. ఒకసారి ముందుకొచ్చిన చేతివాద్యం ఇంకోసారి వెనక్కి జరిగి, దాని వెనకున్న వీధి గొంతుల సందడి పైకొస్తుంది. కచేరీలో ఒకే పల్లవి పంక్తిని నెరవు కోసం మళ్లీ మళ్లీ ఎత్తుకుంటే ఎవరూ ‘ఇందాక పాడారుగా’ అనరు. ఇక్కడా ఆ చెవితోనే కూర్చోవాలి. రెండూ ఒకే డిస్కులో ఉన్నాయి కాబట్టి పోల్చడం తేలిక. అవే రెండు వేర్వేరు లేబుళ్ల మీద, పదేళ్ల తేడాతో, వేరే పేర్లతో వచ్చి ఉంటే ఇదే జనం ‘పాత పాటను మళ్లీ అంటగట్టారు’ అనేవాళ్లు.

పేర్లతో వచ్చే తిప్పలు

వెతకడం మొదలుపెట్టగానే ముందు అడ్డం పడేది స్పెల్లింగు. జోన్స్ పేర్లను తనకు తోచినట్టు రాసేవాడు, లేబుళ్లు వాటిని అలాగే అచ్చేశాయి. 1990 నాటి ‘ఇంటిఫాక్సా’, 1995 నాటి ‘ఇజ్లామాఫోబియా’ అచ్చుతప్పులు కావు. సెర్చ్ పెట్టె వాటిని తనంతట తాను సరిదిద్ది ఇంకెక్కడికో తీసుకుపోతుంది. మాంచెస్టర్ బృందం సన్స్ ఆఫ్ అర్కా పాటలకు అతను చేసిన ‘రీ-మిక్స్‌స్’లో రీమిక్స్ అన్న మాటే వంకరగా ఉంటుంది. కాబట్టి పేరును కొటేషన్ గుర్తుల మధ్య, డిస్కు మీద ఉన్నట్టే కొట్టండి. ఇంకా మంచిది, పేరును వదిలేసి, లేబుల్ ప్రతి డిస్కుకూ ఇచ్చే కేటలాగ్ నంబరుతో వెతకడం. నంబరును ఏ యంత్రమూ సరిదిద్దదు.

రెండో అడ్డంకి, అతని మిక్సులు అతని పేరు కింద లేకపోవడం. బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన డబ్ (ఎకోలతో నిండిన రెగె శైలి) కళాకారుడు ది రూట్స్‌మన్‌తో కలిసి వచ్చిన ‘సిటీ ఆఫ్ జిన్’, బాస్ కమ్యూనియన్ పేరుతో పాటలు చేసే స్టీవెన్ విల్సన్‌తో పోస్టులో టేపులు పంపుకుంటూ తయారై 1999లో జోన్స్ మరణం తర్వాత వెలువడిన ‘బాస్ కమ్యూనియన్ వర్సెస్ ముస్లింగాజ్’ లాంటివి స్ట్రీమింగ్ యాప్‌లో ఒక్కోసారి ఇద్దరిలో మొదటి పేరు కిందే పడి ఉంటాయి. కళాకారుడి పేజీ చూసి ఇంతే అనుకోకండి. రికార్డుల వివరాలుండే వెబ్‌సైటు డిస్కాగ్స్‌లో అయితే అతని పేజీలో ‘రీమిక్స్’ క్రెడిట్లను విడిగా తెరిచి చూడండి. కంపైలేషన్ల కోసం ఇచ్చిన ఒంటరి పాటలు కూడా వేరే వరుసలోనే దొరుకుతాయి.

ఇక ఇంట్లో ఫైళ్ల సర్దుబాటు. ఒకే పేరున్న రెండు పాటల్ని కొన్ని ప్లేయర్లు ఒకటిగా లెక్కేసి రెండోదాన్ని దాచేస్తాయి. డూప్లికేట్లు తీసేసే సాఫ్ట్‌వేర్ అయితే నేరుగా తుడిచేస్తుంది. ఈ సేకరణ మీద దాన్ని ఎప్పుడూ నడపొద్దు. పాట పేరును మాత్రం ముట్టుకోకండి. ఫైలు పేరు ముందు డిస్కు నంబరు, ట్రాక్ నంబరు పెట్టి, వెర్షన్ తేడాను ఫైలులోనే ఉండే కామెంట్ ట్యాగ్‌లో రాసుకోండి. పాటను విని దాని పేరు కనిపెట్టే పికార్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడే ధ్వని వేలిముద్ర మామూలుగా పాటలో మొదటి 120 సెకన్లనే చదువుతుంది. జోన్స్ మిక్సులు రెండు నిమిషాల దాకా ఒకేలా నడిచి ఆ తర్వాత విడిపోతే అది రెండూ ఒకటేనని తేల్చేస్తుంది. వేలిముద్ర ఏం చెప్పినా పాట నిడివిని సెకన్లతో సహా సరిచూడాలి.

ఒక పట్టిక పెట్టుకుంటే చాలా పని తగ్గుతుంది. డిస్కు మీద ఉన్నట్టే పాట పేరు, కేటలాగ్ నంబరు, విడుదలైన ఏడు, రికార్డు చేసిన ఏడు (డిస్కు మీద ఉంటేనే, లేకపోతే ఖాళీ), నిడివి, ఫైలు ఎక్కడినుంచి వచ్చింది, ఏ పాటతో పోలిక ఉంది. చివరి గడే అసలైనది. అది నిండే కొద్దీ ఆల్బమ్‌లు కరిగిపోయి లయల కుటుంబాలు కనబడతాయి.

రెండూ ఒకటేనా, కాదా

‘ఇది పాత పాటే’ అన్న ఆరోపణను చెవితో తేల్చలేం. రెండు డెసిబెళ్లు గట్టిగా ఉన్నది ఎప్పుడూ కొత్తగా, మెరుగ్గా వినిపిస్తుంది. తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, ఉచిత ఆడియో ఎడిటర్ ఆడాసిటీ చాలు.

రెండు ఫైళ్లూ ధ్వనిలో ఏదీ పోని వేవ్ లేదా ఫ్లాక్ అయి ఉండాలి, శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్నది) ఒకటే ఉండాలి. ఎంపీ3తో ఈ పరీక్ష పనికిరాదు. కుదింపులో పోయినదే తేడాగా మిగిలి మోసం చేస్తుంది. రెండింటినీ ఒకే ప్రాజెక్టులోకి తెచ్చి, స్పష్టమైన ఒక డ్రమ్ దెబ్బ దగ్గర జూమ్ చేసి, శాంపిల్‌కు శాంపిల్ కలిసేలా జరపండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శాంపిల్ అంటే సెకనులో 44,100వ వంతు. ఒక్కటి తప్పినా బేస్ రద్దయి, పైన బుస మిగులుతుంది. గట్టిదనం సమం చేసి, ఒకదానికి ఇన్వర్ట్ కొట్టి (తరంగాన్ని తలకిందులు చేసి), రెండింటినీ కలిపి కొత్త ట్రాకుగా రెండర్ చేయండి.

నిశ్శబ్దం వస్తే రెండూ ఒకే మాస్టరు (డిస్కు తయారీకి పంపిన తుది ప్రతి), ఆరోపణ నిజమే. పాట మొత్తం పలచగా, ఒకే రంగులో మిగిలితే మిక్సు అదే, మాస్టరింగ్ వేరు. గొంతో, తబలా దరువో, ఎకో తోకో విడిగా, స్పష్టంగా మిగిలితే అది వేరే మిక్సు. మిగిలినదాన్ని తప్పకుండా వినండి. రెండు పూటల మధ్య జోన్స్ చేతి తేడా అక్కడ ఒంటరిగా వినిపిస్తుంది, ఇంకే పద్ధతిలోనూ అంత దగ్గరగా దొరకదు.

తప్పు జరిగే చోట్లు కూడా ఉన్నాయి. టేపును రెండుసార్లు అనలాగ్‌గా దించి ఉంటే రెండు యంత్రాల గడియారాలు కలవవు. పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా పది నిమిషాల పాట చివరికి 6 మిల్లీసెకన్లు జారుతుంది. మొదట్లో రద్దయిన పాట చివర్లో రెండుగా వినిపిస్తుంది. అందుకే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి విడిగా కలిపి చూడాలి. మొదట్లోనూ చివర్లోనూ రద్దయి, మధ్యలో విడిగా కలిపినా రద్దు కాకపోతే అప్పుడు మిక్సు తేడాను అనుమానించండి.

డ్యాట్‌కు సొంత మెలిక ఒకటుంది. తొలితరం ఇంటి డ్యాట్ రికార్డర్లు చాలావరకు అనలాగ్ ఇన్‌పుట్‌ను 48 కిలోహెర్ట్జ్ దగ్గరే తీసుకునేవి, సీడీకి కావాల్సింది 44.1. రేటు మార్చకుండా 48ని 44.1గా చదివిస్తే పాట 8.1 శాతం నెమ్మదిస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ దిగుతుంది. ఆరు నిమిషాల పాట 6 నిమిషాల 32 సెకన్లవుతుంది. ఒకే పాట తాలూకు రెండు రూపాల నిడివుల నిష్పత్తి సరిగ్గా 1.088 దగ్గర ఉంటే అది నెమ్మది రీమిక్స్ కాదు, ఎవరిదో మీట తప్పు. వేగం సరిచేసి పైన చెప్పిన పరీక్ష మళ్లీ పెట్టండి.

స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దాకా ధ్వని ఉందో చూపే బొమ్మ) చూసి నకిలీ ఫ్లాక్‌లు పట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. 16 కిలోహెర్ట్జ్ దగ్గర తెగితే ఎంపీ3 నుంచి మార్చిందని వెంటనే తీర్పిస్తారు. డ్యాట్‌లో లాంగ్ ప్లే మోడ్ 32 కిలోహెర్ట్జ్ రేటుతో రికార్డు చేస్తుంది, దాని పై హద్దు కూడా 16 దగ్గరే. ఎనభైల నాటి క్యాసెట్ మూలాలైతే అంతకంటే కిందే వాలిపోతాయి. ఎంపీ3 కోతలో పైభాగం ముక్కలు ముక్కలుగా, గట్టి దెబ్బల దగ్గర వెలిగి ఆరిపోతూ కనిపిస్తుంది. టేపు కోతలో అలా ఉండదు, అంచు పాటంతా నిలకడగా ఉంటుంది.

పాట మాట మధ్యలో తెగినట్టు ఆగిపోతే రిప్ (డిస్కు నుంచి ఫైలు తీయడం) పాడైందని ఫైలు పారేయకండి. జోన్స్ పాటలు అలాగే తెగుతాయి. ఉన్నట్టుండి ఒక చానల్ పోవడం, లెవెల్ ఎగిరి శబ్దం చీలడం కూడా అతని అలవాట్లే. అనుమానం తీరాలంటే ఇతరులు తీసిన రిప్‌ల వివరాలుండే యాక్యురేట్‌రిప్‌తో పోల్చండి. కొన్ని వందల కాపీలే వేసిన డిస్కులు అందులో లేకపోవచ్చు. అప్పుడు అదే డిస్కును రెండుసార్లు రిప్ చేసి చెక్‌సమ్‌లు (ఫైలు సారాన్ని చెప్పే అంకెలు) కలిశాయో లేదో చూస్తే చాలు. కలిస్తే ఆ కోత డిస్కు మీదే ఉంది.

ఎదురువాదాలు

ఇంత చెప్పాక కూడా ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. అతని మిక్సులన్నిటిలోనూ తేడా బలంగా ఉండదు. లూపును వదిలేసి పదినిమిషాలు ఏమీ చేయని పాటలున్నాయి. లేబుల్ తరఫున గట్టి ఎడిటర్ ఒకరుండి ఉంటే మూడోవంతు పక్కన పెట్టేవాళ్లేమో. కానీ ఆ ఎడిటర్ ముందుగా పక్కన పెట్టేది ‘ఇంతకుముందు ఉన్నదే’ అనిపించిన రెండో మిక్సును. ‘ముల్లా సయీద్’లో నాలుగో, ఐదో పాటలు ఆ కత్తికి మొదట బలయ్యేవి. ఆ డిస్కు బరువంతా ఆ తిరిగి రావడంలోనే ఉంది. అందుకే ఎక్కువైనా సరే, అన్నీ బయట ఉండటమే మేలంటాను.

మరణానంతర విడుదలల మీద ఉన్న అసహనంలో సగం న్యాయమే. అది పాటల మీద కాకుండా అట్టల మీద ఉండాలి. 1999లో వచ్చిన ‘బాక్స్ ఆఫ్ సిల్క్ అండ్ డాగ్స్’ తొమ్మిది సీడీల పెట్టె. ఆ పరిమాణంలో సంగీతం చేతికిచ్చేటప్పుడు ఏ టేపులోంచి ఏది తీశారో చెప్పడం కనీస మర్యాద. టేపు డబ్బా మీద జోన్స్ రాసినదేమిటి, అది ఎప్పుడు వచ్చింది, ఇందులో ఏ పాట ఇంతకుముందు ఏ డిస్కులో ఉంది: ఈ మూడు ముక్కలు వేస్తే ‘పాత సరుకు’ గొడవ సగం తీరిపోతుంది. కొనేవాడికి తనకు కావాల్సిందేదో తెలుస్తుంది, పోల్చేవాడికి దారి దొరుకుతుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకోటి. జోన్స్ తన పాటల పేర్లలో పదేపదే తలచిన మధ్యప్రాచ్యానికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆక్రమణలో ఉన్న నేల మీద అడుగుపెట్టడం తప్పన్నది అతని వాదన. అయినా అక్కడి గొంతులు, మన తబలా, మనకు చిరపరిచితమైన వీధి సందడి అతని టేపుల నిండా ఉన్నాయి, ఎవరివన్నది ఎక్కడా లేదు. ఇంగ్లండులో వినేవాడికి అదంతా దూరదేశపు ధ్వని. మనకు అలా కాదు. పక్కింట్లోంచి వచ్చినట్టున్న గొంతు లూపులో ఇరుక్కుని తిరుగుతుంటే, ఆ మనిషెవరు, ఏం చెబుతూ మధ్యలో ఆగాడు అన్న ప్రశ్న పక్కకు పోదు. ‘ముస్లిమ్స్ డై, ఇండియా’ లాంటి పేరు పెట్టి, ఏ ఘటన గురించో ఒక్క వాక్యం రాయకుండా వదిలేయడం ఇక్కడివాళ్లకు బాధ్యత తప్పినట్టే అనిపిస్తుంది. ‘వోట్ హిజ్బొల్లా’, ‘హమాస్ ఆర్క్’ లాంటి పేర్లు చూసి వెనక్కి తగ్గేవాళ్లను నేను తప్పుపట్టను. సంగీతంలో మాటలు లేవు కాబట్టి పేర్లను పట్టించుకోనక్కర్లేదన్న సర్దుబాటు కూడా నాకు నచ్చదు. పేర్లు అతను కావాలనే పెట్టాడు, అతని పక్షం అతను చెప్పుకున్నాడు. వినేవాళ్లు దాన్ని చెరపకుండా, దానికి సంతకం కూడా పెట్టకుండా వినొచ్చు. గొంతుల అప్పు మాత్రం అలాగే మిగిలిపోతుంది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

మొదలుపెట్టేవాళ్లకు

లిస్టు వద్దన్నాను కాబట్టి దారి మాత్రం చెబుతాను. ‘ముల్లా సయీద్’తో మొదలుపెట్టి, రెండో, నాలుగో పాటల్ని వెంటవెంటనే వినండి, తర్వాత మూడోది, ఐదోది. గట్టిదనం ముందే సమం చేసుకోండి. ఫైలును ముట్టుకోకుండా ప్లేయర్‌లోనే గట్టిదనం సరిచేసే రీప్లేగెయిన్ సరిపోతుంది, నార్మలైజ్ చేసి ఫైలును మార్చొద్దు. ఏది ముందుకొచ్చింది, ఏది పోయింది అన్నది రెండు ముక్కల్లో రాసుకోండి. చెవి ఆ పనికి అలవాటు పడ్డాక వెనక్కి, 1993 నాటి ‘వెయిల్డ్ సిస్టర్స్’కు వెళ్లండి. రెండు సీడీలంతా ఒకే రకమైన నెమ్మది నడక, మార్పులు చాలా సన్నగా ఉంటాయి. మొదటే దీన్ని వింటే విసుగొస్తుంది, ఇప్పుడైతే రాదు. ఆ తర్వాత 1992 నాటి ‘జుల్మ్’, 1994 నాటి ‘సిటాడెల్’. ఎక్స్‌ట్రీమ్ వేసిన ఈ రెండూ వినగానే పట్టుకునే రకం, చేతివాద్యాలు దగ్గరగా, శుభ్రంగా వినిపిస్తాయి.

ఇతరుల పాటల మీద అతని చేయి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ‘బాస్ కమ్యూనియన్ వర్సెస్ ముస్లింగాజ్’. అందులో ఒకవైపు పొగలా పరుచుకునే ధ్వనులు, ఇంకోవైపు వాటిని నిర్దాక్షిణ్యంగా కోసే దరువు. ఎవరిది ఏదో చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది, అక్కడ ఎకో ఎక్కడ తెగుతుందో కనిపెడితే మిగతా డిస్కుల్లో అదే చేతిని గుర్తుపట్టగలరు.

కొనేటప్పుడు పాత సీడీ కోసం వేలకు వేలు పోయకముందు లేబుల్ దగ్గర డిజిటల్ రూపం ఉందేమో చూడండి. స్టాల్‌ప్లాట్ చాలా డిస్కుల్ని ఆర్కైవ్‌గా సంగీతం అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టింది, ఫ్లాక్‌గానే దింపుకోవచ్చు. పాత సీడీ ఉన్నవాళ్లు కూడా డిజిటల్ రూపాన్ని ఒకసారి పైన చెప్పిన పరీక్షకు పెట్టండి, మాస్టరింగ్ మారి ఉండొచ్చు. మారితే ఏది ఉంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. రెండూ ఉంచుకోండి, పట్టికలో రెండు వరుసలుగా.